విక్టర్ హారా – పాలేరు ఇంట పుట్టిన పాట



కొమరం భీం వర్ధంతికి, బిర్సా ముండా జయంతికి మనం ఏటా ఏదో ఒకటి రాసుకుంటూనే ఉన్నాం. ఈసారి మాత్రం మన కొండలకూ మన అడవులకూ నేరుగా సంబంధం లేని ఒక పాటగాడి గురించి చెప్పాలనుకున్నాం. ఆయనది దక్షిణ అమెరికాలోని చిలీ దేశం. పేరు విక్టర్ హారా. తెలుగులో కొందరు జారా అని రాస్తారు. స్పానిష్ భాషలో ఆ అక్షరాన్ని హ అని పలుకుతారు కాబట్టి మేము హారా అంటున్నాం. ఆయన్ని చంపి 50 ఏళ్ళు దాటింది.

గిటారు పట్టుకుని నవ్వుతున్న ఆయన ఫోటో మీలో కొందరి ఫోన్లకు వచ్చే ఉంటుంది. సైనికులు ఆయన చేతులు నరికేశారని, నరికిన చేతులతోనే నిలబడి పాడాడని దాని కింద రాసి ఉంటుంది. చేతులు నరకలేదు. ఏం జరిగిందో ముందుముందు చెబుతాం, జరిగింది అంతకంటే తక్కువ ఘోరమేమీ కాదు. కానీ ఆ చావు గురించి తెలిసినంతగా ఆయన బతుకు గురించి మనకు తెలియదు. చనిపోయేనాటికి ఆయనకు 40 ఏళ్ళు. మరో పన్నెండు రోజుల్లో 41 నిండేవి. ఇన్నేళ్ళ బతుకులో ఆఖరి నాలుగైదు రోజులే అందరి నోటా మిగిలాయి. మిగతా కాలమంతా ఆయన చేసిన పెద్ద పని పాడటం కూడా కాదు, వినడం. ఊళ్ళు తిరిగి, ముసలివాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళ పాటలు వినడం. మీకు ఆయన గురించి చెప్పాలనుకున్నది అందుకే.

విక్టర్ 1932 సెప్టెంబరు 28న పుట్టాడు. చిలీ రాజధాని శాంటియాగోకు దగ్గర్లో ఉన్న లోంకెన్ అనే పల్లెలో పెరిగాడు. తల్లిదండ్రులు ఒక పెద్ద భూస్వామి ఎస్టేటులో పాలేర్లు. అక్కడి పద్ధతి ఏమిటంటే, దొర ఒక గుడిసె, కొంచెం మడిచెక్క ఇస్తాడు. దానికి బదులు ఇంటిల్లిపాదీ దొర పొలంలో పని చేయాలి. ఇల్లు దొరది, నేల దొరది, పొమ్మంటే మూట కట్టుకుని పోవాలి. మన తాతలు చేసిన వెట్టి, జీతగాళ్ళ బతుకు గుర్తున్న ఇళ్ళలో దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. తండ్రి పేరు మాన్యుయెల్. పనికి, అప్పుకు, తాగుడుకు మధ్య నలిగిపోయిన మనిషి. పిల్లలు బడికి పోవడం కంటే నాగలి పట్టడమే ఆయనకు కావాలి. ఇంట్లో గొడవలు, దెబ్బలు ఉండేవి.

తల్లి పేరు అమాండా. ఆమె గిటారు వాయించేది, ఊళ్ళో పాటలు పాడేది. పెళ్ళిళ్ళకు, పండగలకు, చావులకు ఆమెను పిలిచేవాళ్ళు. చిలీ పల్లెల్లో పసిబిడ్డ చనిపోతే ఆ బిడ్డను దేవదూతలా అలంకరించి, రాత్రంతా మేలుకుని పాటలు పాడేవారు. బిడ్డ తల్లికి ధైర్యం చెప్పే పాటలు అవి. అమాండా పాడుతుంటే చిన్న విక్టర్ ఆమె పక్కనే కునికిపాట్లు పడుతూ వినేవాడు. ఆయన మొదటి బడి అదే. మనకూ చావుకో పాట, పెళ్ళికో పాట, విత్తనాల పండక్కో పాట ఉన్నాయి. వాటిని పాడేవాళ్ళు ఎక్కువమంది మన అమ్మలూ అమ్మమ్మలే. వాళ్ళను మనం కళాకారులు అని ఎప్పుడూ అనలేదు.

తర్వాత అమాండా పిల్లల్ని తీసుకుని శాంటియాగో చేరింది. మార్కెట్‌లో చిన్న భోజనం కొట్టు పెట్టింది, పిల్లల్ని చదివించింది. పొద్దున లేచింది మొదలు రాత్రి వరకు చాకిరీ. గిటారు మూలన పడింది. విక్టర్ ఇంకా చదువుకుంటూ ఉండగానే ఆమె హఠాత్తుగా చనిపోయింది. ఆ దెబ్బకు ఆయన చదువు వదిలేశాడు. పాస్టరు కావాలని క్రైస్తవ మఠంలో చేరి, అది తన దారి కాదని రెండేళ్ళకు బయటికి వచ్చాడు. కొంతకాలం సైన్యంలో ఉన్నాడు. అవును, తనను చంపబోయే సైన్యంలోనే. అక్కడి నుంచి వచ్చాక చేతిలో ఉద్యోగం లేదు, డబ్బు లేదు. చిలీ విశ్వవిద్యాలయం వాళ్ళ బృందగానంలో చోటు దొరికింది, దాని వెంట నాటకం వచ్చింది.

చాలామందికి తెలియని సంగతి, విక్టర్ హారా తన దేశంలో మొదట నాటక దర్శకుడిగా పేరు తెచ్చుకున్నాడు. నటన, దర్శకత్వం విశ్వవిద్యాలయంలో పద్ధతిగా నేర్చుకున్నాడు. దేశ విదేశాల్లో నాటకాలు ఆడించాడు. పాలేరు కొడుకు విశ్వవిద్యాలయం మెట్లెక్కి అక్కడే గురువు కావడం ఆ రోజుల్లో అక్కడ మామూలు విషయం కాదు. జోన్ అనే బ్రిటిష్ నాట్యకళాకారిణి అక్కడ పాఠాలు చెప్పేది. ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరు కూతుళ్ళు, మాన్యుయెలా, అమాండా. పెద్దమ్మాయి జోన్ మొదటి పెళ్ళి బిడ్డ. విక్టర్ ఆమెను సొంత కూతురిలాగే పెంచాడు.

ఇలా పైకి వచ్చినవాళ్ళు చాలామంది ఊరిని మర్చిపోతారు. ఈయన ఊరికి తిరిగి వెళ్ళాడు. 1950ల నడుమ నుంచి స్నేహితులతో కలిసి సెలవుల్లో పల్లెలకు పోయి పాటలు సేకరించడం మొదలుపెట్టాడు. కుంకుమెన్ అనే జానపద బృందంలో చేరాడు. అప్పుడే వియొలెటా పార్రా పరిచయమైంది. ఆమె గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేం. ఆమె కూడా పేద కుటుంబం బిడ్డే. గిటారు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి, పొయ్యి దగ్గరా పొలం గట్టు మీదా ముసలివాళ్ళ నుంచి పాటలు రాసుకుంది. ఆ రోజుల్లో రేడియోలో జానపదం అంటే శుభ్రంగా ఇస్త్రీ చేసిన దుస్తుల్లో, నవ్వుతూ, దొరగారి తోటను పొగిడే పాట. పాలేరు ఆకలి అందులో ఉండదు. వియొలెటా ఆ అబద్ధాన్ని పక్కన పెట్టి అసలు పాటను బయటికి తెచ్చింది. గొంతు గరుకుగా ఉన్నా సరే, మాట మొరటుగా ఉన్నా సరే, అది వాళ్ళు పాడినట్టే ఉండాలన్నది ఆమె పట్టుదల. విక్టర్‌ను పాడమని ప్రోత్సహించిన వాళ్ళలో ఆమె ముఖ్యురాలు. 1967లో ఆమె తన ప్రాణం తానే తీసుకుంది. ఆమె పిల్లలు ఇసబెల్, ఆంహెల్ 1965లో శాంటియాగోలో ఒక పాత ఇంట్లో పాటల అడ్డా పెట్టారు. రాత్రిళ్ళు అక్కడ పాడిన యువకుల నుంచే కొత్త చిలీ పాట అనే ఉద్యమం పుట్టింది. విక్టర్ అక్కడే స్థిరంగా పాడేవాడు.

1966లో మొదటి గొడవ వచ్చింది. ఒక భక్తురాలి మీద, ఒక సన్యాసి మీద పల్లెవాళ్ళు నవ్వుకుంటూ పాడుకునే పాత పాట ఒకటి ఉంది. దాన్ని ఆయన రికార్డు చేశాడు. మతాన్ని అవమానించాడని పెద్దమనుషులు కేకలు వేశారు, రేడియోలు పాట ఆపేశాయి. తమాషా ఏమిటంటే ఆయన అందులో ఒక్క మాటా కొత్తగా రాయలేదు. జనం ఎప్పటినుంచో పాడుకుంటున్నదే. జనం పొలంలో పాడుకుంటే ఫరవాలేదు, రికార్డు మీదికి వస్తే తప్పయింది.

ఇప్పుడు మనకు దగ్గరైన సంగతి చెబుతాం. చిలీ దక్షిణాన మపూచె అనే ఆదివాసులు ఉన్నారు. ఆ దేశపు ఆదివాసుల్లో వాళ్ళే పెద్ద సమూహం. స్పెయిన్ రాజులు వచ్చి పక్క దేశాలన్నీ లొంగదీసుకున్నా, బియోబియో నదికి దక్షిణాన మపూచెలను దాదాపు మూడు వందల ఏళ్ళు లొంగదీయలేకపోయారు. చివరికి స్వతంత్ర చిలీ ప్రభుత్వమే 1860ల నుంచి 1880ల మధ్య సైన్యాన్ని పంపి వాళ్ళ నేలను ఆక్రమించింది. దానికి శాంతి స్థాపన అని పేరు పెట్టింది. మిగిలిన చిన్న చిన్న ముక్కల్లోకి వాళ్ళను నెట్టి, మిగతా భూమిని వలస వచ్చినవాళ్ళకు పంచింది. ఈ కథ ఎక్కడో విన్నట్టు ఉందా?

విక్టర్ ఆ ప్రాంతానికి వెళ్ళినప్పుడు ఆంహెలిటా హుయెనుమాన్ అనే మపూచె నేతగత్తెను కలిశాడు. ఆమె తన ఇంటి దగ్గర మగ్గం మీద ఉన్ని దుప్పట్లు నేసేది. ఆయన ఆమె మీద ఒక పాట కట్టాడు. 1969లో వచ్చిన రికార్డులో ఆ పాట ఉంది. అందులో తిరుగుబాటు నినాదం ఒక్కటీ లేదు. ఆమె ఇల్లు, ఆమె వేళ్ళు, ఆ రంగుల దారాలు, నెలల తరబడి ఆమె పడే శ్రమ, అంతే. కానీ ఆ పాటకు ఆమె పేరే పెట్టాడు. ఆదివాసీ అమ్మాయి అనలేదు, కొండపిల్ల అనలేదు, అడవి పువ్వు అనలేదు. ఇంటిపేరుతో సహా ఆంహెలిటా హుయెనుమాన్ అన్నాడు. మా దృష్టిలో ఆయన పాటలన్నిటిలోకీ పెద్ద తిరుగుబాటు పాట అదే. మన మీద వచ్చిన సినిమా పాటలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఈకలు, ఆకులు, అర్థం లేని కేకలు. వాటిలో మనవాళ్ళకు పేరుందా?

అదే ఏడాది మార్చి 9న దక్షిణాన ప్వెర్తో మోంత్ అనే ఊళ్ళో ఇళ్ళు లేని పేదలు ఖాళీ నేలలో గుడిసెలు వేసుకుంటే, తెల్లవారుజామున పోలీసులు వచ్చి కాల్పులు జరిపారు. పదిమంది దాకా చనిపోయారు, వాళ్ళలో ఒక పసిబిడ్డ కూడా ఉంది. విక్టర్ వెంటనే ఒక పాట రాశాడు. హోం మంత్రి పెరెస్ సుహోవిచ్‌ను పేరు పెట్టి నిలదీశాడు. పదవిలో ఉన్న మంత్రిని పేరు పెట్టి అడిగిన పాటకు అక్కడి కలవారి ఇళ్ళలో ఎంత మంట పుట్టిందో ఊహించుకోండి. కొంతకాలానికి ఒక ఖరీదైన బడిలో పాడటానికి పిలిస్తే వెళ్ళాడు. ఆ పాట మొదలుపెట్టగానే కొందరు పిల్లలు రాళ్ళు విసిరారు, కచేరీ ఆగిపోయింది. మంత్రి కొడుకు ఆ బడిలోనే చదువుతున్నాడు.

1969 మధ్యలో కొత్త చిలీ పాటకు మొదటి పండగ జరిగింది. విక్టర్ రాసిన, పొలం దున్నే రైతును లేచి రమ్మని పిలిచే పాటకు మొదటి బహుమతి మరో పాటతో కలిపి దక్కింది. కిలపయూన్ బృందం ఆయన వెనక పాడింది. జనం కిక్కిరిసిన ఆ ఆటల మందిరం పేరు ఎస్తాదియో చిలీ. ఆ పేరు గుర్తుపెట్టుకోండి.

ఇంకో ముఖ్యమైన విషయం. నిరసన పాట అన్న మాట ఆయనకు నచ్చేది కాదు. అమెరికా రికార్డు కంపెనీలు ఆ పేరును కూడా సరుకుగా మార్చి అమ్ముకుంటున్నాయని ఆయన విమర్శ. కోపంగా కనిపించే కుర్రాణ్ణి పట్టుకొచ్చి, బొమ్మ వేసి, రెండేళ్ళు అమ్మి, తర్వాత ఇంకొకణ్ణి వెతుక్కోవడం వాళ్ళ వ్యాపారం. పాట ఎవరి బతుకులోంచి వచ్చిందో వాళ్ళ దగ్గరికే తిరిగి వెళ్ళాలన్నది ఆయన ఆలోచన. అందుకు ఏం చేశాడో 1972 నాటి లా పొబ్లాసియోన్ అనే రికార్డులో వినవచ్చు. శాంటియాగో అంచున 1967లో పేదలు ఆక్రమించుకుని కట్టుకున్న ఒక వాడ ఉంది. ఆ ఆక్రమణ సమయంలో చనిపోయిన ఎర్మిండా అనే పసిపాప పేరే వాడకు పెట్టుకున్నారు. విక్టర్ టేపు రికార్డరు పట్టుకుని అక్కడికి వెళ్ళి, ఆడవాళ్ళతో, పిల్లలతో కూర్చుని, ఆ నేల ఎలా సంపాదించారో వాళ్ళ నోటే చెప్పించాడు. ఆ మాటలను, వాడలో వినిపించే చప్పుళ్ళను పాటల మధ్యలో అలాగే ఉంచాడు. రికార్డు వింటుంటే పాటగాడు ఒక్కడే కాదు, వాడంతా వినిపిస్తుంది.

ఆ రోజుల్లో టేపు రికార్డరు బరువైన పెట్టె. ఇప్పుడు మన అందరి జేబుల్లోనూ అంతకంటే మంచి రికార్డరు ఉంది. మన పాటలు ఇప్పటికే యూట్యూబులో బోలెడు ఉన్నాయి, నిజమే. కానీ వాటి కింద చూడండి, డీజే చేసిన కుర్రాడి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, పాట ఇచ్చిన అవ్వ పేరు ఉండదు. ఏ ఊరి పాటో ఉండదు. గోండుల కథలను కిక్రీ మీద పాడే తోటీ పెద్దలు, సమ్మక్క సారలమ్మల కథను డోలు మీద చెప్పే కోయ పెద్దలు ఎందరు మిగిలారో వేళ్ళ మీద లెక్కపెట్టుకునే పరిస్థితి. సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది కాబట్టి ఆయన పేరు నలుగురికీ తెలిసింది. పద్మశ్రీ రాని వాళ్ళ సంగతేమిటి? నూరేళ్ళకు పైగా కిందట గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడి నుంచి సవర ఊళ్ళకు వెళ్ళి, ఆ భాష నేర్చుకుని, పాటలు, కథలు రాసుకున్నారు. బయటి మనిషి అంత పని చేస్తే, ఇంటి మనుషులం మనం ఎంత చేయాలి?

డీజే వద్దని మేము అనడం లేదు. విక్టర్ కూడా కొత్త వాయిద్యాలకు దూరంగా ఉండలేదు. 1971లో ఆయన రికార్డు చేసిన, ప్రశాంతంగా బతికే హక్కు గురించిన పాటలో లాస్ బ్లాప్స్ అనే రాక్ బృందం ఎలక్ట్రిక్ గిటార్లు వాయించింది. అది వియత్నాం ప్రజలకోసం, హో చి మిన్ కోసం కట్టిన పాట. జానపదం పాడేవాడు ఎలక్ట్రిక్ గిటారు పట్టడమేమిటని సణిగినవాళ్ళూ ఉన్నారు. ఆయన పట్టించుకోలేదు. వేర్లు తెలిసినవాడికి కొమ్మ ఎటు వంగినా భయం లేదు.

1970లో సాల్వడోర్ అయెండే అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. తుపాకీతో కాదు, ఓట్లతో. రాగి గనులను దేశపరం చేశాడు, ప్రతి బిడ్డకూ రోజుకు అర లీటరు పాలు అన్నాడు, భూముల పంపకం వేగం చేశాడు. విక్టర్ కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. ఆయన అయెండే కోసం ఊరూరా పాడాడు. 1972లో లారీ యజమానులు సమ్మె చేసి సరుకులు ఆపేస్తే, వాలంటీర్లతో కలిసి మూటలు మోశాడు. ఆ రాజకీయం మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. మాలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. కానీ గెలిచిన ప్రభుత్వం పక్కన నిలబడి పదవి అడగకుండా మూట మోసిన కళాకారులు ఎక్కడైనా తక్కువే.

1973 సెప్టెంబరు 11న సైన్యం తిరగబడింది. అమెరికా ప్రభుత్వం అంతకు ముందు మూడేళ్ళుగా అయెండేను దించడానికి డబ్బు, మనుషులను పెట్టి ప్రయత్నించిన సంగతి తర్వాత వాళ్ళ సొంత కాగితాల్లోనే బయటపడింది. అధ్యక్ష భవనం మీద విమానాలు బాంబులు వేశాయి. అయెండే లోపలే ప్రాణం విడిచాడు. విక్టర్ ఆ పొద్దున తాను పనిచేసే సాంకేతిక విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. అక్కడ ఒక ప్రదర్శన ప్రారంభోత్సవంలో పాడాల్సి ఉంది. రాత్రి విద్యార్థులతో, ఉపాధ్యాయులతో అక్కడే ఉండిపోయాడు. మర్నాడు సైన్యం ఆ భవనాలను పట్టుకుని వందలాది మందిని చేతులు నెత్తిన పెట్టించి నడిపించింది. ఎక్కడికో తెలుసా? ఎస్తాదియో చిలీకి. నాలుగేళ్ళ కిందట బహుమతి అందుకున్న అదే మందిరానికి.

ఒక అధికారి ఆయన్ని గుర్తుపట్టాడు. పక్కకు లాగి రోజుల తరబడి కొట్టారు. గిటారు వాయించే చేతులను తుపాకీ మడమలతో చితకబాదారు. అందుకే చేతులు నరికారన్న కథ పుట్టింది. తోటి ఖైదీలు ఆయన్ని దాచి, రక్తం తుడిచి, దొరికింది తినిపించారు. ఎవరో ఒక కాగితం ముక్క, పెన్సిలు ఇస్తే, ఆ మందిరంలో తాను చూస్తున్నదాన్ని పద్యంగా రాశాడు. పూర్తి కాకముందే పిలుపు వచ్చింది. ఆ కాగితాన్ని ఖైదీలు నకలు చేసి, దాచి బయటికి తెచ్చారు. సెప్టెంబరు 16న ఆయన్ని కాల్చి చంపి, శవాన్ని బయట పడేశారు. తర్వాత 2009లో శవపరీక్ష చేస్తే 40కి పైగా గుళ్ళ గాయాలు, ఎన్నో చోట్ల విరిగిన ఎముకలు బయటపడ్డాయి.

శవాల గదిలో పనిచేసే ఒక కుర్రాడు విక్టర్‌ను గుర్తుపట్టి, ప్రాణానికి తెగించి జోన్‌కు చెప్పాడు. ఆమె వందల శవాల మధ్య నుంచి భర్తను వెతికి తీసుకుంది. ఊరేగింపు లేదు, పాట లేదు. ముగ్గురు కలిసి శ్మశానం గోడలో ఒక అరలో పెట్టి వచ్చారు. అక్టోబరులో జోన్ ఇద్దరు పిల్లలతో దేశం విడిచింది. వెంట విక్టర్ పాటల మూల టేపులు పట్టుకుపోయింది. మనకు ఈరోజు ఆ పాటలు దొరుకుతున్నాయంటే ఆమె చేసిన ఆ పని ముఖ్య కారణం.

కొత్త పాలకులు ఆయన రికార్డులు తగలబెట్టారు, పేరు ఎత్తనివ్వలేదు. అక్కడితో ఆగలేదు. ఆండీస్ కొండ జాతుల వెదురు పిల్లనగ్రోవి కేనా, చిన్న తంత్రి వాయిద్యం చరాంగో, వీటిని కూడా వాయించకూడదని సంగీతకారులను పిలిచి హెచ్చరించారు. మాట లేని వాయిద్యం. అందులో నినాదం ఏముంటుంది? ఈ ప్రశ్న మేము మాలో మేము చాలాసార్లు వేసుకున్నాం. కొండవాళ్ళ వాయిద్యం పట్నం వేదిక మీద తలెత్తి మోగడమే వాళ్ళకు నినాదంలా వినిపించింది. మన డోలును, తుడుమును, కొమ్మును స్వాగత ద్వారాల దగ్గర మంత్రులు వచ్చినప్పుడు మాత్రమే మోగించే అలంకారంగా మార్చుకున్న మనకు ఇది ఆలోచించాల్సిన విషయం. సైన్యం తిరగబడిన రోజు కిలపయూన్, ఇంతి ఇయిమానీ బృందాలు ఐరోపాలో కచేరీల్లో ఉన్నాయి. తిరిగి వెళ్ళే దారి లేక పదిహేనేళ్ళు అక్కడే ఉండిపోయి ఆ వాయిద్యాలనే ఊరూరా వాయించాయి.

న్యాయం చాలా నెమ్మదిగా నడిచింది. 1990లో ప్రజల ప్రభుత్వం తిరిగి వచ్చింది. 2003లో ఎస్తాదియో చిలీకి విక్టర్ హారా పేరు పెట్టారు. 2009 డిసెంబరులో, చనిపోయిన 36 ఏళ్ళకు, ఆయనకు బహిరంగ అంత్యక్రియలు జరిగాయి. మూడు రోజులు జనం వరుస కట్టారు, ఈసారి వీధంతా పాడింది. 2016లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక జ్యూరీ, అక్కడ పౌరుడిగా స్థిరపడిన మాజీ సైనికాధికారి పెద్రో బారియెంతోస్ ఈ హత్యకు బాధ్యుడని తేల్చింది. 2018లో చిలీ కోర్టు రిటైరైన అధికారులకు శిక్షలు వేసింది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఏడుగురి శిక్షలు ఖాయం చేసింది. వాళ్ళలో ఒకడు 86 ఏళ్ళవాడు, జైలుకు తీసుకుపోవడానికి పోలీసులు వచ్చినప్పుడు తనను తాను కాల్చుకున్నాడు. యాభై ఏళ్ళు కోర్టుల చుట్టూ తిరిగిన జోన్ అదే ఏడాది నవంబరు 12న, 96వ ఏట చనిపోయింది. బారియెంతోస్‌ను అమెరికా తిప్పి పంపింది డిసెంబరు 1న. పందొమ్మిది రోజుల తేడా.

కోర్టుల కంటే ముందే పాట వీధికెక్కింది. 2019 అక్టోబరులో శాంటియాగో మెట్రో రైలు టికెట్టు 30 పెసోలు పెంచితే విద్యార్థులు గేట్లు దూకారు. అది దేశమంతా పాకింది. ప్రభుత్వం అత్యవసర పరిస్థితి పెట్టి సైన్యాన్ని వీధుల్లోకి దింపింది. అక్టోబరు 25న జాతీయ గ్రంథాలయం ముందు వందలాది మంది గిటార్లతో కూడి, 1971 నాటి ఆ ప్రశాంతంగా బతికే హక్కు పాట పాడారు. ఆ రోజే శాంటియాగోలో పది లక్షలకు పైగా జనం నడిచారు. వాళ్ళలో ఎక్కువమంది విక్టర్ చనిపోయాక పుట్టినవాళ్ళే. కొందరు సంగీతకారులు ఆ పాటకు కొత్త మాటలు చేర్చి మళ్ళీ రికార్డు చేశారు. ఆ గుంపుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన జెండాల్లో ఒకటి మపూచెలది.

దాని తర్వాత రాజ్యాంగం తిరగరాయడానికి సభ పెట్టారు. 2021లో దానికి మొదటి అధ్యక్షురాలిగా ఎలిసా లోంకోన్ అనే మపూచె భాషా పండితురాలిని ఎన్నుకున్నారు. ఆమె తన భాషలో పలకరించి మాట్లాడటం మొదలుపెట్టింది. అయితే 2022లో ఆ ముసాయిదాను ప్రజలు ఓటుతో తిప్పికొట్టారు. ఆదివాసుల హక్కులకు అందులో ఇచ్చిన చోటు మీదే పెద్ద వాదన నడిచింది. మపూచెల భూమి గొడవ ఇప్పటికీ తీరలేదు. ఆంహెలిటా పాట అక్కడ ఇంకా పాత పాట కాలేదు.

ఆయన పాటలన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. స్పానిష్ రాకపోయినా ఫరవాలేదు, ముందు ఆంహెలిటా హుయెనుమాన్ పాట వినండి, తర్వాత ఆయన తల్లిదండ్రుల పేర్లతో ఫ్యాక్టరీ కూలీల ప్రేమకథగా అల్లిన అమాండా పాట వినండి. విన్నాక మీ ఇంట్లో పెద్దావిడ దగ్గర కూర్చుని ఒక్క పాట ఫోన్‌లో రికార్డు చేసి వచ్చే సంచికకు పంపండి. మధ్యలో ఆమె దగ్గినా, కోడి కూసినా, మనవరాలు అడ్డం వచ్చినా తీసేయకండి. పాటతో పాటు ఆమె పేరు ఇంటిపేరుతో, ఊరు, మండలం, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో, ఏ పండక్కి లేదా ఏ పనికి పాడతారో రాయండి. అది అందరూ వినవచ్చో, పండగ నాడే వినాల్సిందో ఆమెనే అడగండి. వినకూడదంటే పంపవద్దు, మీ దగ్గరే దాచండి.